తారీఖు ఎవరికి కావాలి?

రెండు కాగితాలు. ఒకదాని మీద మార్చి నెల తారీఖు, ఇంకోదాని మీద మే నెల తారీఖు. మార్చి కాగితం భార్యది, మే కాగితం భర్తది. ఆదోనికి కొద్ది దూరంలో వున్న ఒక పల్లెలో, గుడి ముందు కట్ట మీద కూర్చున్న పెద్దమనుషుల ఎదుట ఆమె మామ ఆ రెండింటినీ పక్కపక్కన పరిచాడు. గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టాడు. ఆయనకు చదువు రాదు. కానీ తారీఖులు ఎవరితోనో చదివించుకుని వచ్చాడు.

"చూడండప్పా, ఈయమ్మిది ముందు. మా వానిది రెండు నెల్ల తర్వాత. ఇంగ ఎవరి నుంచి ఎవరికొచ్చిందో మీరే చెప్పండి" అన్నాడు.

ఇది జరిగి మూడేళ్లయింది. ఆ పిల్ల తల్లి మా సంఘంలో సభ్యురాలు. ఆమె పిలిస్తే వెళ్లాను. పిల్ల ఏడో నెల కడుపుతో, కట్టకు దూరంగా వేపచెట్టు మొదట్లో కూర్చుని వుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సింది కాగితాలనే అన్నట్టు అందరూ వాటి మీదికే వంగారు. అసలు ఆ కాగితాలు అక్కడికి ఎట్లా వచ్చాయని కూడా ఎవరూ అడగలేదు. ఆమె రక్తపరీక్ష ఫలితం ఆమెకు చెప్పకముందే అత్త చేతికి అందింది. ఇచ్చినవాళ్లు మంచి చేశామనే అనుకున్నారు.

నేను లేచి ఏం మాట్లాడానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా వుంది. అయినా చెప్పాలి. "మీ వాడు ఏడాదికి ఆరు నెలలు బెంగుళూరులో సెంట్రింగు పనికి పోతాడు గదా. ఆడ ఏం చేసినాడో మీకు తెలుసా?" అన్నాను. మామ తడుముకోలేదు. "ఈయమ్మి మాత్రం సుగ్గికి పోలేదామ్మా? గుంటూరు మిరపకాయల కోతకు మూడేండ్లు వాళ్లమ్మతో పోయింది. ఆడ మావాడు పక్కన్నే వున్న్యాడా?" అన్నాడు. కట్ట మీద ఒకరిద్దరు నవ్వారు. వేపచెట్టు కింద ఆమె కొంగు మొహం మీదికి లాక్కుంది.

నేను విసిరిన రాయి ఆమెకే తగిలింది.

మన పడమటి ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు పల్లెల్లో వాన మోసం చేసిన ఏడు సగం ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు మిగులుతారు. ఆడా మగా పిల్లాజెల్లా మూటలు కట్టుకుని లారీలెక్కి సుగ్గికి పోతారు. "వలస పోయిన మగవాడు జబ్బు తెచ్చాడు, ఇంట్లో వున్న ఇల్లాలికి అంటించాడు" అని మనం ఇన్నాళ్లూ మీటింగుల్లో చెప్పుకుంటూ వచ్చాం. అది చాలా ఇళ్లలో నిజమే. కానీ మన దగ్గర ఇల్లాలు కూడా వలస పోతుంది. ఆదోని జిన్నింగు మిల్లుల్లో పత్తి పని చేస్తుంది, గుంటూరు చేలల్లో గుడారం వేసుకుని పడుకుంటుంది. గడప దాటడమే నేరానికి సాక్ష్యమని మనమే వాదించడం మొదలుపెడితే ముందుగా దొరికిపోయేది కూలికి పోయే ఆడదే. నాకు ఆ సంగతి ఆ కట్ట మీద తెలిసింది.

ఇంతకూ ఆ రెండు తారీఖులు ఏం చెప్తున్నాయి? జబ్బు ఎప్పుడు సోకిందో చెప్తున్నాయా? లేదు. ఎవరి చేతిలోంచి రక్తం ఎప్పుడు తీశారో చెప్తున్నాయి. అంతే. ఆమె గర్భవతి కాబట్టి ఆమె రక్తం ముందు తీశారు. గర్భిణీలందరికీ హెచ్.ఐ.వి. పరీక్ష చెయ్యడం మన ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి వున్న పద్ధతి. బిడ్డకు సోకకుండా ఆపడానికి అది అవసరం కూడా, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ మగవాడికి కడుపు రాదు గదా! అతని రక్తం ఎవరు తీస్తారు? భార్యకు వుందని తేలాక, బెంగుళూరు నుంచి పిలిపించి, బతిమాలి, రెండు నెలలకు తీశారు. పదేళ్ల క్రితం సోకినా, పది వారాల క్రితం సోకినా అతని కాగితం మీద మే నెల తారీఖే వుంటుంది.

ఎక్కడ వెతికితే అక్కడ దొరుకుతుంది. ఎవరిని ముందు వెతికితే వాళ్లే ముందు దొరుకుతారు. ఈ దేశంలో హెచ్.ఐ.వి. చరిత్రే అట్లా మొదలయింది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని రక్తం నమూనాలు సేకరించింది. వాటిలోనే భారతదేశంలో మొదటి కేసులు బయటపడ్డాయి. ఆ రక్తం ఎవరిది? పోలీసులు పట్టుకుని హోములో వుంచిన సెక్స్ వర్కర్లది. ఆ ఇద్దరు స్త్రీలు చేసింది గొప్ప పని. కానీ దేశానికి మిగిలింది "వాళ్ల నుంచే వచ్చింది" అన్న మాట. ఆ హోముకు పోయిన మగవాళ్ల రక్తం ఆ రోజు ఎవరూ తీయలేదు, తీసుంటే పత్రికల్లో శీర్షిక వేరుగా వుండేది. మద్రాసు హోములో జరిగిందే మా ఊరి కట్ట మీదా జరిగింది.

పంచాయితీ వాయిదా పడ్డాక, ఈ జబ్బుకు చాలా ఏళ్లుగా వైద్యం చేస్తున్న ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. "మేడం, ఎవరికి ముందు సోకిందో చెప్పే పరీక్ష ఏదైనా వుంటే చేయించండి. ఖర్చు మేం పెట్టుకుంటాం" అన్నాను. ఆమె నా వైపు కాసేపు చూసి, "అట్లాంటి పరీక్ష వుంటే ఈ పాటికి నా గది ముందు మొగుళ్లు క్యూ కట్టి వుండేవాళ్లు" అంది. తర్వాత ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. ఆమె చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మన కార్యకర్తలకు పనికొస్తుంది.

వైరస్ ఒంట్లోకి వచ్చిన రోజున ఏ గుర్తూ వుండదు. రెండు నుంచి నాలుగు వారాలకు కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దు వస్తాయి. చాలామందికి అదీ వుండదు, వచ్చినా ఏ వైరల్ జ్వరమో అనుకుంటారు. వానాకాలంలో మన పల్లెల్లో జ్వరం రాని ఇల్లుందా? రక్తంలో యాంటీబాడీలు తయారై పరీక్షకు దొరకడానికి మూడు వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది. ఈ లోపల పరీక్ష చేస్తే "లేదు" అని వస్తుంది. "లేదు" అన్న కాగితం పట్టుకుని ఎగిరే మొగుళ్లకు ఈ మూడు నెలల సంగతి చెప్పాలి. ఒకసారి "వుంది" అని వచ్చాక మాత్రం, ఆ పరీక్షకు నిన్నటి జబ్బూ పదేళ్ల జబ్బూ ఒకటే. మందు వాడకపోతే సోకిన నాటి నుంచి ఎయిడ్స్ దశకు చేరడానికి సగటున పదేళ్లు పడుతుంది. కొందరికి రెండు మూడేళ్లే. ఇంకొందరు పదిహేనేళ్లయినా నిక్షేపంలా తిరుగుతుంటారు. ఇద్దరు మనుషుల్ని పక్కన నిలబెట్టి, ఈమె చిక్కిపోయింది కాబట్టి ఈమెది పాతది అనడానికి ఏ ఆధారమూ లేదు.

పాతదో కొత్తదో తేల్చే పరీక్షలు అసలు లేవా అంటే, వున్నాయి. యాంటీబాడీ వైరస్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలిచి, సుమారు గత నాలుగు నెలల్లో సోకిందా అని అంచనా వేసే పరీక్ష ఒకటుంది. కానీ అది జనాభా లెక్కల కోసం. ఒక ప్రాంతంలో జబ్బు కొత్తగా పెరుగుతోందా తగ్గుతోందా అని చూడ్డానికి వెయ్యిమంది రక్తం మీద పనికొస్తుంది. ఒక్క మనిషి మీద తీర్పు చెప్పడానికి వాడకూడదు. మందులు వాడుతున్నవాళ్లకూ, రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయినవాళ్లకూ పాత జబ్బే "కొత్తది" అని తప్పుగా రావచ్చు.

ఇవన్నీ బుర్రకెక్కించుకుని రెండో పంచాయితీకి పోయేసరికి వాళ్లు ఇంకో రెండు కాగితాలతో సిద్ధంగా వున్నారు. ఈసారి సి.డి.4 లెక్కలు. ఆమెది 280, అతనిది 410. ఊళ్లో పదో తరగతి ఫెయిలైన ఒక కుర్రాడు వాటిని వివరించాడు: "ఈ నంబరు ఏటేటా తగ్గుతుంటాది. ఎవరిది తక్కువుంటే వాళ్లది పాత జబ్బు." ఎంత తేలికైన లెక్క! మన ఆసుపత్రుల్లో పనిచేసే కొందరు కూడా నోటి మాటగా ఇదే అంటుంటారు. ఆరోగ్యంగా వున్నవాళ్లలోనే సి.డి.4 ఐదు వందల నుంచి పదిహేను వందల దాకా ఎంతైనా వుండొచ్చు. అంటే బయలుదేరిన చోటే ఎవరిది వాళ్లది. ఒకే మనిషికి పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఇంకో లెక్క వస్తుంది. టి.బి. వుంటే తగ్గుతుంది. సరైన తిండి లేకపోతే తగ్గుతుంది. గర్భంతో వున్నప్పుడు ఒంట్లో రక్తం పలచబడి ఆ లెక్క తగ్గుతుంది. ఆమె ఏడు నెలల గర్భిణి, రక్తహీనత వున్న మనిషి. ఇద్దరు ఒకే ఊరి నుంచి బయలుదేరారో లేదో తెలియదు, ఒకే వేగంతో నడిచారో లేదో తెలియదు. ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో చూసి, ఎవరు ముందు బయలుదేరారో చెప్తానంటే నమ్ముతామా? నేను ఈ మాటే అన్నాను. పెద్దమనుషుల్లో ఒకాయన, "అట్లయితే మొగునిది ముందని నువ్వు మాత్రం ఎట్ల చెప్తావమ్మా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నిజానికి నా సంచిలో ఇంకో కాగితం వుంది. ఆరేళ్ల కిందట మొదటి కాన్పు అప్పుడు ఆమెకు చేసిన పరీక్ష. "లేదు" అని వుంది అందులో. తారీఖు గురించి వైద్యం ఖచ్చితంగా చెప్పగలిగే మాట ఇదొక్కటే: చివరిసారి "లేదు" అన్న రోజుకూ, మొదటిసారి "వుంది" అన్న రోజుకూ మధ్య ఎప్పుడో, ఆ పరీక్షకు దొరకని మూడు నెలలు కలుపుకుని. ఆమె జబ్బుకు ఆరేళ్ల హద్దు వుంది. ఆమె మొగుడు బతుకులో అంతకు ముందు ఎన్నడూ పరీక్ష చేయించుకోలేదు కాబట్టి అతని జబ్బుకు హద్దే లేదు. ఆ కాగితం తీసి ఊపాలని నాకు చెయ్యి పీకింది. కానీ అది కూడా రుజువు కాదు. పెండ్లికి ముందే అతనికి వుండి వుండొచ్చు, వుండకనూ పోవచ్చు. ఆ కాగితం ఊపితే నేనూ మామ ఆడే ఆటే ఆడినట్టు.

ఆ రోజు తీయలేదు. అయితే తీయకపోవడానికి కారణం అప్పటికి నాకు స్పష్టంగా లేదు. ఎమ్మిగనూరు సంగతి తర్వాత అర్థమయింది.

ఎమ్మిగనూరు నేతగాళ్ల ఊరు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన నేత సహకార సంఘం వల్ల పేరు తెచ్చుకున్న ఊరు. మగ్గం మీద బతికే ఒక ఇంట్లో మొగుడు చనిపోయాడు. టి.బి. అన్నారు, హెచ్.ఐ.వి. కూడా వుందని చివరి నెలలో తెలిసింది. ఆమెకు చేస్తే ఆమెకూ వుంది. ఎనిమిదేళ్ల కూతురికి చేస్తే లేదు. పిల్లకు లేదని తెలిసి ఆ తల్లి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టింది. వారం తిరగకుండా ఆ కాగితమే ఆమె మెడకు చుట్టుకుంది. బావగారు, తోడికోడలు కలిసి ఒక లెక్క కట్టారు: పిల్లకు లేదంటే పిల్ల పుట్టినప్పుడు తల్లికి లేదన్నమాట. అంటే ఆ తర్వాతే ఎక్కడో తెచ్చుకుంది. తెచ్చి మా తమ్మునికి అంటించి చంపింది. కాబట్టి ఇంట్లో భాగం లేదు, మగ్గం లేదు, బయటికి నడువు.

వినడానికి ఎంత తర్కంగా వుందో చూడండి! ఏ మందూ వాడకపోయినా, పాలిచ్చినా, తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకానే. అంటే వైద్యం అసలు లేని రోజుల్లో కూడా హెచ్.ఐ.వి. వున్న తల్లులకు పుట్టిన బిడ్డల్లో సగానికి పైగా జబ్బు లేకుండానే బయటపడ్డారు. పిల్లకు లేకపోవడం తల్లి గురించి ఏమీ చెప్పదు. పిల్ల అదృష్టాన్ని తల్లి మీద నేరంగా రాశారు. ఒకవేళ పిల్లకు వున్నట్టు తేలితే ఏమనేవాళ్లో మీకు చెప్పక్కర లేదు. "బిడ్డకు కూడా అంటించింది" అనేవాళ్లు.

ఆ ఇంటి వరండాలో కూర్చుని నాకు ఒకటి అర్థమయింది. వీళ్లకు తారీఖు తెలుసుకోవాలని లేదు. వీళ్లకు ఇల్లు కావాలి, మగ్గం కావాలి. పల్లెలో ఆ మామకు కోడలి బంగారం తిరిగి ఇవ్వకుండా వుండాలి, కొడుకుకు రెండో పెండ్లి చెయ్యాలి. తారీఖు దానికి సాకు. తారీఖు ఎటు తేలినా వాళ్లు దారి వెతుక్కుంటారు. మనం మాత్రం నిజంగానే తారీఖు కోసం డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాం!

సైన్సు పెరుగుతుంది గదా, రేపు తేల్చేస్తుందేమో అని కొందరు మిత్రులు అంటారు. వైరస్ జన్యువుల్ని పోల్చి చూసే పద్ధతి ఇప్పటికే వుంది. దాన్ని బట్టే, ఈ వైరస్‌లో ప్రధానమైన రకం మనుషుల్లో వ్యాపించడం సుమారు 1908 ప్రాంతంలో మొదలై వుంటుందని 2008లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. కాంగో దేశపు కిన్షాసా నగరంలో 1959లోనూ 1960లోనూ తీసి దాచిన నమూనాలు దానికి ఆధారం. ఆ లెక్కకు కూడా వాళ్లు పెట్టుకున్న హద్దులు 1884 నుంచి 1924 దాకా. నలభై ఏళ్ల వెసులుబాటు! ప్రపంచ చరిత్రకు అది చాలు. మార్చికీ మేకీ మధ్య తీర్పు చెప్పడానికి చాలదు.

ఆ పద్ధతి న్యాయానికి పనికొచ్చిన సందర్భమూ వుంది. లిబియాలోని బెంఘాజీ పిల్లల ఆసుపత్రిలో నాలుగు వందలమందికి పైగా పిల్లలకు హెచ్.ఐ.వి. సోకితే, 1999లో ఐదుగురు బల్గేరియా నర్సుల్నీ ఒక పాలస్తీనా డాక్టర్నీ పట్టుకుని, వాళ్లే కావాలని ఎక్కించారని కేసు పెట్టారు. ఆ పిల్లల్లోని వైరస్ జన్యువుల్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, 1998 మార్చిలో ఆ విదేశీయులు రాకముందు నుంచే ఆ వైరస్ అక్కడ తిరుగుతోందని 2006లో తేల్చారు. ఐనా ఆ డిసెంబరులోనే కోర్టు వాళ్లకు రెండోసారి మరణశిక్ష వేసింది. 2007 జులైలో దౌత్యం వల్ల బయటపడ్డారు గానీ శాస్త్రం వల్ల కాదు. ఎవరి మీద నింద వెయ్యాలో ముందే నిర్ణయించుకున్నవాళ్లకు ఏ శాస్త్రమూ వినపడదు. పరాయి దేశం నర్సులు లిబియాకు, పరాయి ఇంటి పిల్ల మన అత్తింటికి!

ఇద్దరి వైరస్‌లు దగ్గరి చుట్టాలని ఆ పరీక్ష చెప్పగలదు. ఈమె నుంచి అతనికి వచ్చిందా, అతని నుంచి ఈమెకా, ఇద్దరికీ ఇంకెవరి నుంచైనానా అన్నది అదొక్కటే రుజువు చెయ్యలేదు. ఈ మాట నేనంటున్నది కాదు. హెచ్.ఐ.వి.ని కనిపెట్టినందుకు 2008లో నోబెల్ అందుకున్న ఫ్రాన్స్వాజ్ బారె-సినూసితో సహా ఇరవైమంది శాస్త్రవేత్తలు 2018లో కోర్టుల కోసం రాసిన ప్రకటనలో ఈ హెచ్చరిక చేశారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మనలో చాలామందికి నచ్చని సంగతి.

మా సంఘంలో కేసులు రాసుకునే ఫారం ఒకటుంది. అందులో పేరు, వయసు, ఊరు తర్వాత "ఎప్పుడు సోకింది? ఎవరి ద్వారా?" అని ఒక గడి. ఎన్నో ఏళ్లుగా ఆ గడిలో నేను చెయ్యి తిరిగిన గుమాస్తాలాగా "భర్త ద్వారా" అని రాస్తూ వచ్చాను. అడక్కుండానే రాశాను. అది ఆ స్త్రీకి రక్షణ అనుకున్నాను. పెళ్లయిన స్త్రీ, ఏ పాపం ఎరగనిది, మొగుడి వల్ల బలయింది. ఈ కథ చెప్తే కలెక్టరు వింటాడు, పత్రికలు రాస్తాయి, నిధులిచ్చే సంస్థలు కరుగుతాయి.

ఒకరోజు ఆదోనిలో ఒక బసివిని వచ్చింది. చిన్నప్పుడు దేవుడి పేరు మీద విడిచిన మనిషి. 1988లోనే ఆ ఆచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో చట్టం వచ్చింది, చట్టం వచ్చాక కూడా విడిచారు. ఆమె వుంటున్న ఇంటిని అన్నదమ్ములు లాక్కున్నారు, "జబ్బు మనిషివి, మా పిల్లలకు అంటుకుంటుంది" అని. ఆమె ఫారం రాస్తూ ఆ గడి దగ్గర ఆగాను. "భర్త ద్వారా" అని రాయడానికి భర్త లేడు. "తెలియదు" అని రాశాను. తలెత్తి చూస్తే ఆమె నన్నే చూస్తోంది. చదువుకున్న మనిషి కాదు, కానీ నేను ఆగింది చూసింది.

"నన్నడిగితే నువ్వు ఏం రాస్తావక్కా? నాకు ఒక్కడా ఇద్దరా? ఇల్లు మాత్రం నాదే. మాయమ్మ నాకిచ్చింది" అంది.

ఆమె కేసును మేం పట్టించుకోలేదా అంటే, పట్టించుకున్నాం. కానీ ఎమ్మిగనూరు నేతగత్తె కోసం తిరిగినంతగా తిరగలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. "మొగుడి నుంచే వచ్చింది" అని మనం గట్టిగా అన్న ప్రతిసారీ, మొగుడి నుంచి రాని స్త్రీకి హక్కు లేదని మెల్లిగా ఒప్పుకుంటున్నాం. మొదటి పంచాయితీలో ఆ పిల్లకు నిజంగా సుగ్గిలోనే సోకి వుంటే? ఎవరో మేస్త్రీ బలవంతం చేసి వుంటే? లేదా ఆమె ఇష్టపడే ఎవరి దగ్గరికో వెళ్లి వుంటే? అప్పుడు ఆమెకు ఆ ఇంట్లో చోటు లేదా? కడుపులో బిడ్డకు మందు వద్దా? అవునని నేను అనలేను. అనలేనప్పుడు, తారీఖు మీద పందెం కాయడం దేనికి?

చట్టం ఈ విషయంలో మనకంటే ముందే వుంది. 2005 గృహహింస చట్టం 17వ సెక్షను, కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి వుందంటుంది. ఆ ఇల్లు ఆమె పేరు మీద వున్నా లేకపోయినా సరే. ఎవరి నుంచి ఎవరికి జబ్బొచ్చిందో తేలాకే అని ఎక్కడా లేదు. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం చూడండి. అనుమతి లేకుండా పరీక్ష చెయ్యకూడదు. ఫలితం మూడో మనిషికి చెప్పకూడదు. భాగస్వామికి చెప్పాల్సి వస్తే డాక్టరో కౌన్సిలరో, ముందు ఆ మనిషితో మాట్లాడి, తర్వాత చెప్పాలి. అది కూడా, చెప్తే ఆమెను కొడతారనో వెళ్లగొడతారనో భయపడే కారణం వుంటే చెప్పకూడదు, ముఖ్యంగా స్త్రీల విషయంలో. 34వ సెక్షను కింద కోర్టులో పేరు బయటికి రాకుండా కేసు నడపమని అడగొచ్చు. 35వ సెక్షను ప్రకారం మనోవర్తి కేసులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చేటప్పుడు కోర్టు జబ్బునూ, వైద్యం ఖర్చులనూ లెక్కలోకి తీసుకోవాలి. ఈ చట్టంలో ఎక్కడా "ఎవరికి ముందు?" అన్న ప్రశ్న లేదు. ఆ ప్రశ్న మనమే పట్టుకొచ్చాం.

తారీఖులు అసలు వద్దని నేననడం లేదు. బలాత్కారం జరిగినా, సూది గుచ్చుకున్నా 72 గంటల లోపల మందు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఆ గంటలు లెక్కపెట్టాలి. పుట్టిన బిడ్డకు ఆరో వారంలో పరీక్ష చేయించాలి. "లేదు" అని వచ్చినవాళ్లకు మూడు నెలలకు మళ్లీ చేయించాలి. మందు మొదలుపెట్టిన రోజు రాసుకోవాలి. క్రమం తప్పకుండా వాడి రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గి, అట్లాగే నిలిస్తే, ఆ మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఈ ఒక్క మాట మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? 2021 జాతీయ అంచనాల్లో పెద్దవాళ్లలో హెచ్.ఐ.వి. దేశం మొత్తానికి నూటికి 0.21 వుంటే, మన రాష్ట్రంలో 0.67. ఇంత జబ్బు పెట్టుకుని మనం ముందెవరు, వెనకెవరు అని కట్టల మీద రాళ్లు పేర్చుకుంటున్నాం.

మూడో పంచాయితీకి నేను పోలేదు, పోనివ్వలేదు కూడా. ఆ పిల్లను వెంటబెట్టుకుని రక్షణ అధికారి దగ్గరికి పోయి దరఖాస్తు పెట్టించాను. అందులో ఏం రాయాలని అడిగితే ఆమె మొదటిసారి గట్టిగా మాట్లాడింది. "నాకు ఆ తారీఖు తెలీదక్కా. నేను ఆ ఇంట్లో కాలు పెట్టిన తారీఖు తెల్సు. అది రాయి" అంది. రాశాం. మధ్యంతర ఉత్తర్వు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ లోపల తల్లిగారింట్లో కొడుకు పుట్టాడు. ఆరు వారాలకు చేసిన పరీక్షలోనూ, పద్దెనిమిది నెలలకు చేసిన చివరి పరీక్షలోనూ "లేదు" అనే వచ్చింది. ఇప్పుడు అత్తింట్లోనే ముందుగది ఆమెది. మొగుడూ ఆమే ఒకే రోజు బస్సెక్కి మందులు తెచ్చుకుంటారు, వేరువేరు సీట్లలో కూర్చుంటారు. అత్త ఇప్పటికీ ఆమె చెంబు వేరే పెడుతుంది. ఎమ్మిగనూరు కేసు కోర్టులో వుంది. బసివినికి ఇల్లు ఇంకా రాలేదు. పోయిన నెల కూడా మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని పోయింది.

ఫారంలో ఆ గడిని కొట్టేయాలని పోయిన ఏడు మా సంఘం సమావేశంలో తీర్మానించాం. ఇద్దరు ఒప్పుకోలేదు, ఇంకా ఒప్పుకోరు. అచ్చేయించిన పాత ఫారాలు రెండు కట్టలు మిగిలాయి. పారేయడానికి మనసొప్పక అవే వాడుతున్నాం, ఆ గడి మీద పెన్నుతో అడ్డగీత గీసి.